అసైన్‌మెంట్ ఎడిటర్ ఇంటర్న్‌గా చేరేముందు: అంశం వేరు, అసైన్‌మెంట్ వేరు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జర్నలిజం పీజీ రెండో సంవత్సరం. మహిళా సాధికారత మీద నడిచే ఒక వెబ్ పత్రికలో మూడు నెలలకు 'అసైన్‌మెంట్ ఎడిటర్ ఇంటర్న్'గా రమ్మన్నారు. ఇంటి నుంచే పని, జీతం సంగతి 'తర్వాత చూద్దాం' అన్నారు. ఇంతవరకూ రాయడమే తప్ప ఒకరికి పని చెప్పింది లేదు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లకు నేనేం చెప్పగలను, అసలు ఈ పోస్టులో ఏం చేస్తారు, చేరాలా వద్దా అని అడిగారు. జీతం సంగతి చివర్లో చెప్తాను. అక్కడ నాకు కోపం వస్తుంది. కోపంతో మొదలుపెడితే మిగతాది సరిగ్గా చెప్పలేను.

నేను ఒక తెలుగు దినపత్రిక ఫీచర్స్ డెస్కులో సబ్ ఎడిటర్‌గా మొదలై పదకొండేళ్లు మహిళల పేజీ చూశాను. తర్వాత ఒక చిన్న మహిళా మాసపత్రికలో ఇప్పుడు మిమ్మల్ని చేయమంటున్న పనే చేశాను. మన దినపత్రికల్లో ఈ పేరుతో పోస్టు దాదాపు కనపడదు. టీవీ చానెళ్లలో దీన్ని ఇన్‌పుట్ డెస్క్ అంటారు. పేపర్లలో ఫీచర్స్ ఇన్‌చార్జో, బ్యూరో చీఫో మిగతా పనులతో పాటు ఇదీ లాగిస్తుంటారు. ఏ కథ చేయాలి, ఎవరు చేయాలి, వాళ్లకు ఏం చెప్పి పంపాలి, ఎప్పటికి కావాలి, వచ్చింది అడిగిందేనా కాదా అని చూసి డెస్కుకు, అంటే దిద్ది పేజీలో పెట్టేవాళ్లకు, ఇవ్వడం. సగం రోజు ఫోన్లోనే పోతుంది. వాక్యాలు దిద్దే పని దీంట్లో తక్కువ. కాబట్టి 'నాకు ఎడిటింగ్ రాదు' అనే టెన్షన్ పక్కన పెట్టండి.

రావాల్సింది వేరే ఉంది. అంశానికీ అసైన్‌మెంట్‌కీ తేడా తెలియాలి. నాకది తెలియడానికి మూడేళ్లు పట్టింది.

చేరిన కొత్తలో నిజామాబాద్ వైపు ఉన్న ఒక కంట్రిబ్యూటర్‌కు, అంటే జీతం మీద కాకుండా రాసినదానికి డబ్బు తీసుకునే విలేకరికి, ఫోన్ చేసి 'అన్నా, బీడీ కార్మికుల మీద ఒక స్టోరీ చేయండి' అన్నాను. అంతే చెప్పాను. నాలుగు రోజుల్లో కాపీ, అంటే రాసిన కథనం, వచ్చింది. 'ఆకులో చుట్టిన బతుకులు' అని హెడ్డింగ్. కోడి కూయకముందే లేచిన ఒక తల్లి, ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన చదువుకునే కూతురు, ఆమె కళ్లలో మెరుపు. తప్పేమీ లేదు. కానీ అదే కథ అంతకుముందు పదేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, ఊరి పేరు మారిస్తే చాలు. ఆయన్ని అనడానికి లేదు. నేను అడిగిందే అది. అంశం చెప్తే అలవాటైన కథే వస్తుంది.

మూడేళ్ల తర్వాత అదే ఆయనకు మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఒక్క ప్రశ్న ఇచ్చాను: 'వెయ్యి బీడీలకని కార్ఖానాలో ఇచ్చే తునికాకు చాలకపోతే ఆ లోటు ఎవరు కొంటున్నారు, నెలకు ఎంత పెట్టి?' ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ఇది నాక్కూడ తెల్వదమ్మా' అన్నాడు. నలుగురి ఇళ్లల్లో పిల్లల చేత నోటుపుస్తకంలో నెల రోజులు రాయించాడు. కంపెనీ ఎంత ఆకు ఇచ్చింది, బయట ఎంత కొన్నారు, బాగాలేవని ఎన్ని కట్టలు పక్కన పడేశారు, చేతికి ఎంతొచ్చింది. కూలిలోంచి ఆకు డబ్బులు తీసేస్తే ఏం మిగులుతోందో ఆ ఆడవాళ్లు కాగితం మీద చూసుకోవడం అదే మొదటిసారి. ఒకామె ఆ పుస్తకం పట్టుకుని కార్ఖానాకు వెళ్లి అడిగింది. మేం వేసిన కథకంటే ఆ పుస్తకమే ఎక్కువ పని చేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటి నుంచి నాకొక అలవాటు. ఫోన్ ఎత్తేముందు ప్రశ్నార్థకంతో ముగిసే ఒక్క వాక్యం రాసుకుంటాను. ఆ వాక్యం రాకపోతే ఫోన్ చేయను. ఆ ప్రశ్నకు జవాబు నాకు ముందే తెలిసినా చేయను. తెలిసిన జవాబు కోసం ఒక మనిషిని ఎండలో ఎందుకు పంపాలి?

ఇంకో ఉదాహరణ చెప్తాను, మీ మూడు నెలల్లోనే పనికొచ్చేది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. 'ఉచిత బస్సుతో మహిళల ఆనందం' అనేది అంశం. సీట్ల కోసం సిగపట్లు అనేది వాట్సాప్ వీడియో. అసైన్‌మెంట్ నేనైతే ఇలా రాస్తాను:

'ప్రశ్న: జీరో టికెట్ వచ్చాక ఈ మండలం ఆడవాళ్లు కూలికి ఇదివరకటికంటే దూరం వెళ్తున్నారా? మిగిలిన చార్జీ డబ్బులు ఎవరి చేతిలో ఉంటున్నాయి? ఎవరితో: ఉదయం మొదటి బస్సు ఎక్కేవాళ్లలో కనీసం ఆరుగురు, ఆ బస్సు కండక్టర్, బేరాలు పోయిన ఆటో డ్రైవర్ ఒకరు, కూలీలను కుదిర్చే మేస్త్రి. అడగకూడనిది: ఏ పార్టీకి ఓటేశారు. ఫొటో: బస్సు లోపల, చేతుల్లో పనిముట్లు, సద్దిగిన్నెలు. ఆధార్ కార్డు ఎత్తి చూపించే ఫొటో వద్దు. ఎప్పుడు: మిరపకోతల రోజుల్లో, సోమవారం కాకుండా. 700 పదాలు. గురువారం సాయంత్రానికి. బస్సులో వెళ్లి బస్సులోనే రావాలి, బండి మీద వద్దు.'

చివరి వాక్యం తమాషాకు రాసింది కాదు. బండి మీద వెళ్లినవాడు స్టాండులో నిలబడి ఇద్దరి మాట తీసుకుని వచ్చేస్తాడు. బస్సెక్కినవాడికి గంటన్నర ప్రయాణంలో చార్జీ డబ్బుల మీద మొగుడూ పెళ్లాల తగువు కూడా వినపడుతుంది. 'మిగిలిన డబ్బులు ఎవరి చేతిలో' అనే ప్రశ్న ఆడవాళ్ల పత్రిక మాత్రమే అడుగుతుంది. జనరల్ పేజీకి బస్సులో సీట్లు ఎంత నిండాయో చెప్పే ఆక్యుపెన్సీ శాతం చాలు.

రిపోర్టర్ ఆడమనిషైతే ఇంకో లైను కలపండి: ఆ ఊరి నుంచి చివరి బస్సు ఎన్నింటికి. సాయంత్రం ఏడింటికి పొదుపు సంఘం మీటింగు కవర్ చేయమని ఒకమ్మాయిని పంపి, తిరిగి రావడానికి బస్సుందో లేదో చూడని రోజు నా ఉద్యోగంలో ఉంది. ఆ రాత్రి ఆ అమ్మాయి సంఘం లీడర్ ఇంట్లో పడుకుంది. ఏమీ జరగలేదు. ఆ ఆలోచన నాకు ముందు రాకపోవడమే నేను చేసిన తప్పు.

ఇక క్యాలెండర్. మార్చి 8కి అందరూ మేలుకుంటారు. జనవరి నుంచే పీఆర్ కంపెనీల మెయిళ్లు వరద కడతాయి. వాటిలో సగం నగల షాపులు, మిగతా సగం 'స్ఫూర్తిదాయక మహిళా పారిశ్రామికవేత్త'లు. ఒక మాట అడిగి చూడండి: చెక్కు మీద సంతకం ఎవరిది, రేటు మాట్లాడేది ఎవరు? రుణం కోసం పేరు ఆమెది పెట్టి కుర్చీలో ఆయన కూర్చున్న యూనిట్లు బోలెడు. ఫోన్ చేస్తే 'మేడం బిజీగా ఉన్నారు, నేను చెప్తాను రాసుకోండి' అంటాడు. అది కూడా కథే, కానీ వాళ్లు పంపిన కథ కాదు.

నేను ఎక్కువ ఇష్టపడే అసైన్‌మెంట్లు తారీఖు దాటిపోయాక ఇచ్చేవి. పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన పేపర్లన్నిట్లో ఒకటే హెడ్డింగ్: 'బాలికలదే పైచేయి'. నేనే ఎన్నిసార్లు పెట్టానో. ఆ హెడ్డింగ్ కింద ఫొటోలో స్వీట్లు తినిపించుకున్న అమ్మాయిల పేర్లు రాసిపెట్టుకోండి. ఆగస్టులో, కాలేజీలు మొదలై రెండు నెలలయ్యాక, వాళ్లెక్కడున్నారో కనుక్కోమని అదే రిపోర్టర్‌ను పంపండి. ఎవరు ఇంటర్లో చేరారు, ఎవరు ఊరికి కాలేజీ దూరమని ఆగిపోయారు, ఎవరికి పెళ్లి కుదిరింది. ఒక ఏడాది మేం ఇది చేశాం. ఫలితాల రోజు కథ గంటలో తయారైంది, ఆగస్టు కథకు మూడు వారాలు పట్టింది. పాఠకుల ఉత్తరాలు వచ్చింది రెండోదానికే.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టాల్సిన కథలుంటే చేరిన వారంలోనే పెట్టించండి. పది రూపాయలకు మించని ఫీజు, జవాబుకు 30 రోజుల గడువు. మూడు నెలల ఇంటర్న్‌షిప్‌లో రెండో నెల పెడితే జవాబు వచ్చేసరికి మీరుండరు.

ఆరోగ్యం పేజీల సంగతి ఒక్క మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) తీసి చూడండి. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ముందు వరుసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. మహిళల పత్రికలు దీని మీద డాక్టర్‌తో 'గర్భసంచి: అపోహలు, వాస్తవాలు' అని కాలమ్ రాయిస్తాయి. నేనైతే ఒక ఊరికి మనిషిని పంపి, ఆపరేషన్ చేయించుకోమని మొదట చెప్పింది ఎవరు, అప్పటికి వయసెంత, డబ్బు ఎక్కడ తెచ్చారు, తీసేశాక కూలికి వెళ్లగలుగుతున్నారా అని అడగమంటాను. డాక్టర్ కాలమ్ దాని పక్కన బాక్స్ ఐటెంగా రావచ్చు.

ఇప్పుడు ఈ పనిలో బరువైన భాగం. మీకు దీని గురించి కాలేజీలో ఒక గంట క్లాసు చెప్పి ఉంటారు.

లైంగిక దాడికి గురైన మనిషి పేరు గానీ, ఎవరో గుర్తుపట్టే ఏ వివరం గానీ వేయకూడదు. ఇదివరకు ఐపీసీ 228ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. రెండేళ్ల దాకా శిక్ష. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్. బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టకూడదని, పరోక్షంగా గుర్తుపట్టే వివరాలూ వద్దని సుప్రీంకోర్టు 2018లో నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది. పని చేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు అయితే 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినామె పేరే కాదు, అవతలి మనిషి పేరు, సాక్షుల పేర్లు, విచారణలో ఏముందో కూడా వేయకూడదు. దీన్ని చాలామంది సీనియర్లే మర్చిపోతారు. ఇవి కాగితం మీద రాసి మీ టేబుల్ ముందు అంటించుకోండి.

కానీ మనం చేసే హాని అంతా చట్టం పరిధిలోకి వచ్చేది కాదు. నాకు ఎదురైంది చెప్తాను. గృహహింస మీద ఒక కథ. ఆమె మాట్లాడతానంది, ఫొటోకు కూడా సరేనంది, మొహం కనపడకూడదు అంతే. పేరు మార్చాం, ఊరు రాయలేదు, మొహం బ్లర్ చేశాం. నేనే చూసి ఓకే చేశాను. ఫొటోలో వెనక ఇంటి గేటు ఉంది. ఆకుపచ్చ రంగు రేకు గేటు, దాని మీద ఒక మూల సొట్ట. పేజీ వచ్చిన రోజు మధ్యాహ్నానికల్లా ఆమె భర్త పని చేసే చోట ఎవరో ఫోన్లో చూపించి 'ఇది మీ గేటే కదరా' అన్నారట. ఆమె నాకు ఫోన్ చేసింది. అరవలేదు. 'మేడం, మేం ఇల్లు మారుతున్నాం, నా నంబరు తీసేయండి' అంది. అంతే. తర్వాత ఆ నంబరు కలవలేదు.

ఊళ్లో మనిషిని మొహం చూసి గుర్తుపట్టరు. గేటు, గేదె, చీర, నడక, తిట్టే పద్ధతి చూసి గుర్తుపడతారు. హైదరాబాద్‌లో కూర్చుని బ్లర్ చేస్తే చాలనుకునేవాళ్లకు ఇది తట్టదు. అలాంటి కథలకు నేను ఆ తర్వాత ఫొటోనే అడగలేదు, బొమ్మ వేయించాను. 'ముగ్గురు ఆడపిల్లల తల్లి, టైలరింగ్ చేస్తుంది, భర్త ఫలానా డిపోలో' అని మూడు వివరాలు కలిపితే పేరు చెప్పినట్టే. రెండు తీసేయండి.

ఫోన్ సంగతి కూడా అంతే. ఇంట్లో ఒకటే ఫోన్ ఉండి, అది ఎక్కువసేపు భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉండే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. మీ రిపోర్టర్‌కు చెప్పండి: ముందు 'ఇప్పుడు మాట్లాడొచ్చా' అని అడగాలి, ఎవరైనా మగ గొంతు ఎత్తితే చెప్పడానికి ఒక మామూలు కారణం ముందే ఆమెతోనే అనుకోవాలి, ప్రశ్నలు వాట్సాప్‌లో పంపకూడదు, రాసిన డ్రాఫ్టు అసలే పంపకూడదు. ఆమెకు వినిపించాలనుకుంటే ఆమె చెప్పిన టైముకు ఫోన్ చేసి చదివి వినిపించండి. 'సరే' అన్న మాటను ప్రచురణకు ముందురోజు ఇంకోసారి అడగండి. వద్దంటే కథ ఆపేయాలి. డెస్కులో గోల చేస్తారు, పేజీ ఖాళీ అంటారు. మీ దగ్గర ఎప్పుడూ ఒక స్టాండ్‌బై ఐటెం, అంటే బదులుగా వేసుకునేది, ఉంచుకుంటే ఆ గోల పది నిమిషాల్లో పోతుంది. వంటల ఐటెం అయినా పర్వాలేదు.

కథ వచ్చాక ఫోన్లు మీకే వస్తాయి, ఇంటర్న్ అయినా సరే, ఎందుకంటే చివర నంబరు మీది ఉంటుంది. 'నాదీ ఇదే పరిస్థితి' అని మొదలుపెట్టే ఫోన్లు. మీరు కౌన్సెలర్ కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరానికి 112, పిల్లలకు 1098, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఎక్కడుందో దగ్గర పెట్టుకోండి. భూమిక హెల్ప్‌లైన్ కూడా ఉంది. విని, నంబరిచ్చి, ఆ రోజు మీ సీనియర్‌కు చెప్పండి. ఇంటి నుంచి పని కాబట్టి ఆ ఫోన్ పెట్టేశాక పక్క కుర్చీలో ఎవరూ ఉండరు. ఇది చిన్న విషయం కాదు. చేరేముందే అడగండి, ఇలాంటి ఫోన్ వస్తే నేను ఎవరికి చెప్పాలి అని.

పెద్దవాళ్లకు పని చెప్పడం గురించి. మీరు భయపడుతున్నంత కష్టం కాదు, కానీ 'మీరు ఇది చేయండి' అంటే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కంట్రిబ్యూటర్‌కు కాలుతుంది. ఆయనకు మీకు తెలియనిది తెలుసు, అక్కడ మొదలుపెట్టండి. ఒకసారి నా దగ్గర పనిచేసిన ఇంటర్న్, మీ వయసే, మాట్లాడుతుంటే విన్నాను.

'అన్నా నమస్తే. మీ మండలంలో మహిళా సర్పంచులు ఎంతమంది?'

'సగం పైన ఉంటరు. ఏం రాయాలె? పోయినేడు రాసినం గదమ్మా, భర్తలే నడిపిస్తున్నరని.'

'చదివానన్నా. వాళ్లలో మీటింగుకు భర్త లేకుండా వచ్చేది ఎవరైనా ఉన్నారా?'

'ఒకామె ఉంది. గట్టిది.'

'ఆమె ఎందుకు ఒక్కతే వస్తుందో, మిగతావాళ్లు ఎందుకు రాలేకపోతున్నారో ఆమెనే అడిగితే చెప్తుందా?'

ఆయన అప్పుడు పది నిమిషాలు మాట్లాడాడు. అసైన్‌మెంట్ ఆయన నోటితోనే తయారైంది. ఆ అమ్మాయి చేసిందల్లా పోయినేడు వచ్చిన కథ చదివి ఉండటం. ఫోన్ చేసేముందు ఆ మనిషి రాసిన మూడు కథలు చదవండి, మర్యాద అంటే అదే. సార్, మేడం, అన్నా, అక్కా ఏది పిలవాలో వాళ్లను బట్టి మీకే తెలుస్తుంది.

కాపీ వచ్చాక బాగాలేదని చెప్పడం ఇంకో కళ. 'బాలేదు' అనకండి. 'ఈ ప్రశ్నకు జవాబు ఇందులో నాకు దొరకలేదు' అనండి. ప్రశ్న ముందే రాసి ఇచ్చారు కాబట్టి ఆ మాటకు బలం ఉంటుంది. కథ వాడకపోతే తప్పకుండా ఫోన్ చేసి చెప్పండి, ఎందుకు వాడలేదో చెప్పండి, డబ్బు ఇస్తారో లేదో మీ వాళ్లను అడిగి మరీ చెప్పండి. కంట్రిబ్యూటర్లకు లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, వచ్చే డబ్బు ఎంతో మీకు తెలిస్తే, వాళ్లు అరవై కిలోమీటర్లు వెళ్లి రావడానికి ఎందుకు వెనకాడతారో అర్థమవుతుంది.

ఒక పక్కదారి మాట. ఆడవాళ్ల పత్రికల్లో పని చెప్పేది ఎవరు అనేది పాత తగువే. కందుకూరి వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని' పెట్టినప్పుడు ఆడవాళ్లు చదువరులు మాత్రమే. 1902లో ఏలూరు నుంచి వచ్చిన 'హిందూసుందరి'కి సంపాదకులు ఆడవాళ్లే, పెట్టింది మాత్రం సత్తిరాజు సీతారామయ్య. 1928లో మద్రాసులో 'గృహలక్ష్మి' పెట్టింది డాక్టర్ కేసరి. 1993లో మొదలైన 'భూమిక' దాకా వస్తే ఆడవాళ్లే వాళ్ల అంశాలు వాళ్లు తేల్చుకున్నారు. చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల ఆడవాళ్లే 'నవోదయం' పత్రిక నడిపారు. ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా'లో పల్లె ఆడవాళ్లే రిపోర్టర్లు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో దళిత మహిళలదే. వాళ్ల దగ్గర హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అంశం చెప్పే మనిషి అక్కర్లేదు. మీ పత్రికలో ఆ మనిషి మీరు. అందుకే వారానికి ఒక కథైనా మీరు చెప్పింది కాకుండా వాళ్లు చెప్పింది పెట్టించండి. 'మీ ఊళ్లో ఆడవాళ్లు ఈ నెల దేని గురించి మాట్లాడుకుంటున్నారు' అని అడిగితే చాలు. ఎవరో ఒకరు బోరింగ్ పాడైందంటారు, ఇంకొకరు మైక్రోఫైనాన్స్ వాడు రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తున్నాడంటారు.

ఇంకొకటి. ఈ పత్రికలకు ఒంటరి విజేత అంటే మోజు. ఒక ఫొటో, ఒక పేరు, 'కష్టాలకు ఎదురీది'. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారా ఆపించింది ఊరి ఆడవాళ్లంతా కలిసి, అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని మాట్లాడుకున్నాక. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు మిగిలింది, మిగలాల్సిందే. కానీ 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది ఒక్క మనిషి ఎదురీదితే కాదు. కాబట్టి కాపీలో 'ఒంటిచేత్తో' అని కనపడినప్పుడల్లా రెండో చెయ్యి ఎవరిదో అడగండి. ఇంట్లో పిల్లల్ని చూసుకున్న అత్తగారిదో, అప్పు ఇప్పించిన సంఘానిదో ఉంటుంది. 'మహిళ అయినా', 'మగవాళ్లకు దీటుగా' అనే రెండు మాటలు కనపడితే కొట్టేయండి. 'సాధికారత' కూడా కాపీలో నేను కొట్టేసేదాన్ని. పత్రిక పేరు కింద ఒకసారి ఉంది, చాలు.

సరే, జీతం.

ఆడవాళ్ల పనికి విలువ కట్టడం లేదని వారం వారం రాసే పత్రిక ఆడపిల్లల చేత ఊరికే పని చేయించుకుంటుంది. అన్నీ కాదు, కానీ నేను చూసినవాటిలో చాలా. అడిగితే 'ఇది ఉద్యమం అమ్మా' అంటారు. ఆఫీసు అద్దె ఉద్యమంలో కట్టరు కదా. మీరు అడగండి, సిగ్గుపడకండి: స్టైపెండ్ ఎంత, ఏ తారీఖున వేస్తారు, వారానికి ఎన్ని గంటలు, ఫోన్ రీచార్జి ఎవరు పెట్టుకోవాలి, నేను తయారుచేసిన కథల్లో నా పేరు ఎక్కడ వేస్తారు, నాకు పని నేర్పే సీనియర్ ఎవరు. జవాబులు మెయిల్లో రావాలి, ఫోన్లో కాదు. 'తర్వాత చూద్దాం' అన్న మాట మూడు నెలల తర్వాత కూడా 'తర్వాత చూద్దాం'గానే ఉంటుంది. ఇంట్లో జరుగుబాటు ఉండి, వారానికి పదిహేను గంటలకు మించకుండా, మంచి సీనియర్ కింద అయితే డబ్బు లేకపోయినా చేరమంటాను. రోజంతా పని చేయించుకుంటూ పైసా ఇవ్వమంటే వద్దంటాను. కాలేజీ క్రెడిట్ల కోసమైతే డిపార్ట్‌మెంట్ వాళ్ల చేత అడిగించండి, వాళ్లు అడిగితే తరచుగా ఏదో ఒకటి కదులుతుంది.

పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి. 2013 చట్టం ట్రైనీలకు కూడా వర్తిస్తుంది, జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా. ఇంటి నుంచి పని చేసినా ఆ ఇల్లు పని చేసే చోటు కిందికే వస్తుంది. రాత్రి పదకొండుకు 'స్టోరీ గురించి' అని వచ్చే వీడియో కాల్ కూడా దీంట్లో పడవచ్చు. పది మంది కంటే తక్కువ ఉంటే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఆడవాళ్ల పత్రిక కదా, అడిగితే ఏమనుకుంటారో అని ఆగకండి. కమిటీ ఉందా అన్న ప్రశ్నకు అక్కడివాళ్లు మొహం ఎలా పెడతారో చూస్తే మీకు సగం తెలుస్తుంది.

చేరితే, మొదటి వారం ఎవరికీ ఏ అసైన్‌మెంటూ ఇవ్వకండి. ఆ పత్రికలో వెనక ఆరు నెలల్లో వచ్చిన కథలన్నీ తీసి ఒక షీటులో ఎక్కించండి. ఏ జిల్లా, మాట్లాడిన ఆడవాళ్లు ఎంతమంది, వాళ్ల పని ఏమిటి, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ, ముస్లిం మహిళలు ఎంతమంది ఉన్నట్టు కథలోంచి తెలుస్తోంది, పక్కన నిపుణులుగా మాట్లాడింది ఆడా మగా, కథ రాసింది ఎవరు. నేను మాసపత్రికలో చేరినప్పుడు ఇది చేశాను. ఆరు నెలల్లో శ్రీకాకుళం ఒక్కసారీ రాలేదు, ఆదిలాబాద్ ఒక్కసారి వచ్చింది, అదీ జలపాతం గురించి. చట్టాల మీద మాట్లాడిన లాయర్లలో ఒక్క ఆడమనిషి లేదు. ఆ షీటు పట్టుకుని మొదటి ఐడియా మీటింగ్‌లో కూర్చున్నాను. ఏమీ వ్యాఖ్యానించలేదు, ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టానంతే. ఎడిటర్ గారు అది చాలాసేపు చూసి, 'శ్రీకాకుళంలో మనకెవరున్నారు?' అని అడిగారు.